సఫ్రాన్‌బోలుకు అమ్మను తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: అక్టోబరు చివర్లో టర్కీ వెళ్తున్నాం. నేను, మావారు, ఎనిమిదేళ్ల బాబు, మా అమ్మ. కప్పడోకియా, ఇస్తాంబుల్ ఎలాగూ ఉన్నాయి, మధ్యలో సఫ్రాన్‌బోలు చూడాలని నా కోరిక. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారి. ఒక పూటలో చూసి వచ్చేయొచ్చా, లేక మానేయమంటారా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మానేయకండి. అలాగని ఒక్క పూటలో ముగించకండి. అంకారా నుంచి సఫ్రాన్‌బోలుకు బస్సులో దాదాపు మూడు గంటలు, సఫ్రాన్‌బోలు నుంచి ఇస్తాంబుల్‌కు ఇంకో ఆరు గంటలు. ఇంత దూరం వెళ్లి రాత్రి ఉండకపోతే ఎలాగండీ? ఆ ఊళ్లో చూడాల్సింది ఇళ్లే. కింద రాయి, పైన చెక్క చట్రం, వీధి మీదికి ముందుకు పొడుచుకొచ్చిన పై అంతస్తులు. వీటి వల్లే 1994లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. చాలా ఇళ్లు ఇప్పుడు హోటళ్లు. మేం దిగిన గదిలో మా అత్తగారు పెట్టె పెడదామని గోడ బీరువా తలుపు తీస్తే లోపల స్నానాలగది! మొదట కంగారుపడి, తర్వాత వచ్చినవాళ్లందరికీ ఆవిడే తలుపు తీసి చూపించారు. ఆ ఇళ్లలో పూర్వం నుంచీ స్నానానికి బీరువాలోనే చోటు ఉండేదట. కొన్నింట్లో గిర్రున తిరిగే అలమారా కూడా ఉంటుంది, ఆడవాళ్లు అటువైపు నుంచి వంటకాలు పెట్టి తిప్పితే మగవాళ్ల గదిలోకి వచ్చేస్తాయి, ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా. మీ బాబు దాన్ని వదలడు.

ఇక మోకాళ్ల సంగతి. దాచేదేం లేదు, కష్టమే. బస్సు దిగేది పైన కొత్త ఊళ్లో, పాత బజారు ఉండేది కింద లోయలో, వీధులన్నీ ఎగుడుదిగుడు రాళ్లు, పైగా వాలు. అందుకని బజారుకు దగ్గర్లోనే గది తీసుకోండి, బుక్ చేసేముందే కింది అంతస్తు గది ఉందా అని అడగండి, ఎందుకంటే లోపలి చెక్కమెట్లు మరీ నిటారు. ఊరంతా కనిపించే హిదిర్లిక్ గుట్ట మీకూ బాబుకూ. ఆ కాసేపూ అమ్మను పూర్వం చెప్పులు కుట్టేవాళ్ల బజారులో ద్రాక్ష పందిరి కింద టీ ముందు కూర్చోబెట్టండి.

తిండికి బెంగలేదు. గోజ్లెమె అని పల్చటి రొట్టెలో బంగాళదుంపో పాలకూరో చీజో పెట్టి మడిచి పెనం మీద కాల్చి ఇస్తారు. పప్పు సూప్ కూడా దొరుకుతుంది, కాకపోతే అందులో మాంసం నీళ్లు పోసే అలవాటుంది, ‘ఎత్సిజ్’ అని అడగండి, మాంసం లేకుండా అని.

ఊరికి ఆ పేరొచ్చిందే కుంకుమపువ్వు వల్ల. అది పూసేది అక్టోబరు, నవంబరుల్లోనే కాబట్టి మీ అదృష్టం బాగుంటే పొలాలూ చూస్తారు. గ్రాముకు 150 పూల దాకా కావాలి కాబట్టి చవకగా ఇస్తామంటే నమ్మకండి, కొంటే పోగులే కొనండి, పొడి వద్దు.