మూడున్నరేళ్ల పాప అంగన్‌వాడీలో ఆడుకుంటోంది, చదువు ఎప్పుడు?

"మా పాపకు మూడున్నరేళ్లు. అంగన్‌వాడీలో పొద్దస్తమానం ఆటలే, పలక పట్టించరు. ప్రైవేటు స్కూల్లో వేయమంటారా?" అని అడిగారు. నేను నల్గొండ జిల్లాలో ఒక తండాలో అంగన్‌వాడీ టీచర్ని. మా సెంటర్ గుమ్మంలో తరచూ వినే ప్రశ్నే ఇది. నేను చేసేది చెబుతాను.

ముందు పలక సంగతి. ఆ వయసులో మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా ఏర్పడవు, చాలా భాగం మెత్తటి మృదులాస్థే. బలపం ఇచ్చి గంటసేపు 'అ' దిద్దిస్తే చెయ్యి లాగి ఏడుస్తారు, అక్షరం మాత్రం రాదు. అందుకే మొదట వేళ్లకు పని చెబుతాను. బంకమట్టితో పాములు, లడ్డూలు చేయిస్తాను. పాత పేపర్లు చింపిస్తాను. స్పాంజిని ఒక గిన్నెలో ముంచి ఇంకో గిన్నెలోకి పిండమంటాను (నీళ్ల ఆట ఉన్న రోజు మా ఆయమ్మ నన్ను తిట్టుకుంటుంది, అది వేరే కథ). రంగులు వేరు చేయడానికి సీసా మూతలు ఇస్తాను. చింతగింజలు, బఠాణీలు ఇవ్వను, ముక్కులో దోపుకుంటారు.

లెక్కలకు కాళ్లాగజ్జ ఆట ఉండనే ఉంది. అందరూ వరసగా కాళ్లు చాపి కూర్చుంటారు. పాడుతూ ఒక్కో కాలూ తట్టుకుంటూ పోతాను, పాట ఎవరి కాలి దగ్గర ఆగితే వాళ్లు ఆ కాలు ముడవాలి. ఒక కాలికి ఒక దెబ్బే అన్నది అలా పట్టుబడుతుంది. ఇరవై దాకా గడగడా అప్పజెప్పే పిల్లాణ్ని మూడు మూతలు తెమ్మంటే గుప్పెడు తెచ్చి పోస్తాడు, అది లెక్క వచ్చినట్టు కాదు. తన వంతు వచ్చేదాకా ఆగడం కూడా ఆ వరసలోనే అలవాటవుతుంది.

ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలకు నా తెలుగే కొత్త. "యాడీ" (అమ్మా) అని ఏడుస్తూ గుమ్మం వైపు పరుగెత్తే పిల్లను చాప మీదికి ఈడ్చుకురాను. వాళ్ల మాటల్లోనే ఏదో పలకరించి, పళ్లేలు పంచే పని అప్పగిస్తాను. పళ్లెం ఎవరికి రాలేదో వెతకడంలో పడి ఏడుపు మర్చిపోతుంది. తల్లులకు మాత్రం గట్టిగా చెబుతాను: చెప్పకుండా జారుకోకండి, "అన్నం తిన్నాక వస్తా" అని చెప్పి ఆ టైంకి రండి.

ఇక ప్రైవేటు గురించి. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే దశ చేసి, ఆటపాటలతోనే నేర్పమంది. కాబట్టి బోర్డు చూడకండి, ఒక పూట వెళ్లి తరగతి చూడండి. టీచర్ పిల్లల పక్కన కింద కూర్చుని మాట్లాడుతోందా? పిల్లలు ఎదురు ప్రశ్నలు వేస్తున్నారా? ఆటల పేరుతో పిల్లల్ని వదిలేసి రిజిస్టర్లు రాసుకుంటుంటే, అంగన్‌వాడీ అయినా సరే మొహమాటం లేకుండా అడగండి. మాకు రాతపని ఎక్కువే, కానీ అది మీ పాప తప్పు కాదుగా.

ఇంట్లో చపాతీలు చేసేటప్పుడు పాపకూ ఒక పిండిముద్ద ఇవ్వండి. గుండీలు తననే పెట్టుకోనివ్వండి, ఆలస్యమైనా. పలక అందేచోట ఉంచితే చాలు. పిచ్చిగీతలు గీసుకుంటే గీసుకోనివ్వండి, చెయ్యి పట్టుకుని మాత్రం దిద్దించొద్దు.