ఫోన్‌లో ఏడుస్తున్నాడు, వెనక్కి పిలిపించెయ్యాలా?

ప్రశ్న: మాది సికింద్రాబాద్. నేనూ మా అబ్బాయీ ఆరేళ్ల కిందట కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో చేరాం. మార్మన్లంటారే, వాళ్లే. మా ఆయన చేరలేదు, అలాగని అడ్డూ చెప్పలేదు. అబ్బాయికిప్పుడు ఇరవై. డిగ్రీ రెండో ఏడాది అయ్యాక చదువు ఆపి రెండేళ్ల మిషన్ సేవకి, అంటే మతప్రచారానికి, ఫిజీ దీవులకి వెళ్లాడు. నాలుగు నెలలైంది. సూవా దగ్గర నౌసోరిలో ఉంటున్నాడు. మూడు వారాలుగా వీడియో కాల్‌లో ఏడుస్తున్నాడు. బాగా చిక్కాడు, కాళ్ల నిండా సెగ్గడ్డలు. అక్కడ ఇద్దరిద్దరు జోడీగా ఉండాలి. జోడీ కుర్రాడిది టోంగా దేశం, అతనితో పడట్లేదట. "వచ్చేస్తానమ్మా" అంటాడు, ఫోన్ పెట్టేసిన గంటకి "ఏం లేదు, బానే ఉన్నా" అని మెసేజ్ పెడతాడు. మా ఆయన టికెట్ కొనేస్తానంటున్నారు. మా అమ్మ అన్నం సరిగ్గా తినట్లేదు. మధ్యలో వచ్చేస్తే సంఘంలో ఏమనుకుంటారోనని నా భయం. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఈ వారం టికెట్ మాట పక్కన పెట్టండమ్మా. సంఘం ఏమనుకుంటుందన్న మాట కూడా. "వచ్చేస్తా" అన్న ఒక్క మాటలో మీ అబ్బాయి నాలుగు కష్టాలు కలిపి చెబుతున్నాడు: ఒళ్లు, తిండి, జోడీ, మనసు. మొదటి మూడూ సరిగ్గా పట్టించుకుంటే కొద్ది వారాల్లో దారికొస్తాయి. నాలుగోది మాత్రం వారాల లెక్కన ఆగేది కాదు. ఏది ఎంతుందో తేల్చుకోకుండా రమ్మన్నా, ఓర్చుకోమన్నా చీకట్లో రాయి వేసినట్టే.

అక్కడ రోజు ఎలా గడుస్తుందో మీ ఆయనకి తెలిస్తే కోపం కొంచెం తగ్గుతుంది. మామూలుగా ఉదయం 6:30కి లేవాలి. అరగంట వ్యాయామం, టిఫిన్, లేఖనాల చదువు, జోడీతో కలిసి చదువు, భాష నేర్చుకోవడం. పదింటికల్లా బయటపడితే తిరిగి గూటికి చేరేది రాత్రి తొమ్మిదింటికి. 10:30కి దీపాలార్పాలి. ఊరిని బట్టి మిషన్ ప్రెసిడెంట్, అంటే అక్కడి మిషనరీలందరికీ పెద్ద, ఈ వేళల్ని కాస్త అటూ ఇటూ జరుపుతారు. చొక్కా, టై, ఫిజీ కాబట్టి ప్యాంటు బదులు సులు అనే లుంగీలాంటి బట్ట, కాళ్లకి చెప్పులు. సూవా వైపు ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. ఎండలో తడిసి, వానలో తడిసి, అదే చొక్కాతో మళ్లీ నడక. స్నానాలగది తప్పిస్తే ఎక్కడికెళ్లినా జోడీ కంటికీ చెవికీ ఆనాలి. సినిమాల్లేవు, ప్రేమల్లేవు. చుట్టూ సముద్రమే అయినా ఈత కూడా నిషిద్ధం. ప్రమాదాల భయంతో పెట్టిన నియమం అది. ఇరవయ్యేళ్ల వాడికి అది అన్యాయంగా అనిపిస్తే తప్పు పట్టలేం.

ఇంకోటి, మూడు నాలుగు నెలలప్పుడే చాలామంది ఇలా జారతారు. వెళ్లిన ఉత్సాహం అప్పటికి అయిపోతుంది, భాష ఇంకా నోటికి రాదు. హైదరాబాద్ హిందీ వచ్చినవాడికి ఫిజీ హిందీ సగం అర్థమై సగం అర్థం కాక మరీ చిరాకు. నౌసోరి వైపు ఇళ్లలో తెలుగు మూలాలున్న ముసలివాళ్లు కూడా తగులుతారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల కూలీకి వెళ్లిన దక్షిణాది వాళ్ల సంతానం. అయితే ఎక్కువ ఇళ్లలో తెలుగు పోయి చాలా కాలమైంది. ఇంటి భాష వినపడుతుందన్న ఆశతో వెళ్లి ఉంటే ఆ నిరాశ కూడా తోడవుతుంది.

ఇక ఫోన్ సంగతి. 2019 ఫిబ్రవరి నుంచి మిషనరీలు వారానికోసారి ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు. అంతకుముందు ఏడాదికి రెండు సార్లే, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. ఆ కాల్ వచ్చేది వాళ్ల ప్రిపరేషన్ డే నాడు, మామూలుగా సోమవారం. బట్టలుతకడం, సరుకులు, క్షవరం అన్నీ ఆ ఒక్క రోజే, అదీ సాయంత్రం ఆరింటి దాకానే. వారమంతా బిగబట్టుకున్నది అమ్మ మొహం చూడగానే బయటపడుతుంది. అందుకే ఆ అరగంట ఏడుపుని బట్టి వారం మొత్తాన్ని అంచనా కట్టకండి. ఫిజీ మనకంటే ఆరున్నర గంటలు ముందుంటుంది. వాడు పొద్దున పదింటికి చేస్తే మనకి తెల్లవారుజాము మూడున్నర. మీరు నిద్రమత్తులో, వాడు ఏడుపులో, ఇద్దరికీ మాట కుదరదు. అక్కడి మధ్యాహ్నం రెండింటికి చెయ్యమనండి, మనకి ఏడున్నర అవుతుంది. కాల్‌లో మీరూ మీ ఆయనా చాలు. అమ్మమ్మ, పిన్నులు, మేనత్తలు వరసగా మొహం చూపిస్తే వాడు నవ్వు నటించడంతోనే సరిపోతుంది. అమ్మమ్మకి చివర్లో రెండు నిమిషాలివ్వండి.

"ఎలా ఉన్నావు" అని అడగొద్దు. దానికి ఏడుపో, "బానే ఉన్నా"నో వస్తుంది, రెండూ మీకు పనికిరావు. "గురువారం రాత్రి ఏం తిన్నావు? ఎవరు వండారు? ఎన్నింటికి నిద్రపట్టింది? నిన్న ఎవరితో నవ్వావు?" అని అడగండి. గురువారం గుర్తుండి, దాని గురించి విసుక్కుంటూనో తిట్టుకుంటూనో చెప్పాడంటే అది అలసట. ఏ రోజూ గుర్తులేదు, అన్నీ ఒకటే అన్నాడంటే జాగ్రత్త పడాలి.

సెగ్గడ్డలు ఆ వాతావరణంలో మామూలే కానీ వదిలెయ్యకూడదు. దోమకాటుని గోకడం, చెమట, తడి బట్టలు, ఇద్దరూ ఒకే తువ్వాలు వాడటం, వీటితో మొదలవుతాయి. పిండొద్దు. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ముంచిన శుభ్రమైన గుడ్డతో రోజుకి మూడు నాలుగు సార్లు, పది పదిహేను నిమిషాలు కాపడం పెట్టాలి. పగిలితే సబ్బుతో కడిగి పొడి గుడ్డతో కట్టాలి. తువ్వాలు, దుప్పటి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. వానలకి ఎండ లేకపోతే ఇస్త్రీ చెయ్యమనండి. జ్వరం వచ్చినా, గడ్డ చుట్టూ ఎరుపు పాకుతున్నా, పదే పదే కొత్తవి లేస్తున్నా క్లినిక్‌కి వెళ్లాల్సిందే. అలాంటప్పుడు యాంటీబయాటిక్ కావాలో వద్దో డాక్టరే చెప్పాలి, ఇక్కడినుంచి మీరు మందు పేరు చెప్పకండి.

చెప్పులు రెండు జతలుండాలి, ఒకటి ఆరుతుంటే ఒకటి వేసుకోవడానికి. వరద నీళ్లలో ఒట్టి కాళ్లతో నడవొద్దని గట్టిగా చెప్పండి. రేవా నది పక్క ఊరు అది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది: జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం. "నేను వరద నీళ్లలో నడిచాను" అన్న ఒక్క ముక్క డాక్టర్‌కి చెబితే వైద్యం తొందరగా మొదలవుతుంది. ఫిజీలో మలేరియా లేదు, డెంగీ ఉంది. జ్వరమొస్తే పారాసెటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ ముట్టుకోకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గుతున్నప్పుడు, మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం, మత్తు, వీటిలో ఏదున్నా ఆస్పత్రి. మిషన్‌లో ఆరోగ్యం సంగతులు మామూలుగా మిషన్ ప్రెసిడెంట్ గారి భార్య చూస్తారు. ఆవిడకి ఫోన్ చెయ్యడానికి పిల్లలు మొహమాటపడతారు. ఫిర్యాదు చేసినట్టవుతుందనుకుంటారు. అదేం కాదని మీరే చెప్పాలి.

చిక్కిపోవడానికి సగం కారణం వంట రాకపోవడమే అయుంటుంది. రోజంతా నడిచి రాత్రి తొమ్మిదింటికొచ్చి నూడుల్స్ తిని పడుకుంటే ఇలాగే ఉంటుంది. మీరు పచ్చళ్లు, పొడులు పార్సిల్ కట్టకండి. ఫిజీలో బయోసెక్యూరిటీ తనిఖీ గట్టిది, విత్తనాలు, ఇంటి తిండి పదార్థాలు ఆపేస్తారు. దానికి బదులు వంట నేర్పండి. బియ్యం, కందిపప్పు, చింతపండు, తోటకూర, వంకాయ, బెండకాయ అక్కడ దొరుకుతాయి. సోమవారం కాల్‌లో పది నిమిషాలు పప్పు వండించండి: ఒక కప్పు పప్పు, మూడు కప్పుల నీళ్లు, కాస్త పసుపు, నాలుగు విజిల్స్, తరవాత తాలింపు. ఇద్దరికీ రెండు పూటలకొస్తుంది. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. వండిన అన్నం గది వేడిలో రాత్రంతా ఉంటే మర్నాడు విరోచనాలే. పగలు బయట తిరిగే రోజున మూడు లీటర్లకి తక్కువ కాకుండా నీళ్లు తాగాలి. విరోచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలవాలి.

అక్కడి వాళ్లు పెట్టే తిండికి కూడా రెండు మెలకువలున్నాయి. చేమ ఆకుని కొబ్బరిపాలతో వండే రౌరౌ బాగా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుంది, మన చేమకూర లాగే. కర్రపెండలం తొక్క తీసి మెత్తగా ఉడికించి ఆ నీళ్లు పారబొయ్యాలి. పెద్ద సైజు పగడపు దిబ్బల చేపలతో సిగువటేరా అనే విషప్రభావం రావచ్చు, వండితే పోదది. తిన్నాక పెదాలు తిమ్మిరెక్కితే డాక్టర్ దగ్గరికి. టీ, కాఫీ వాళ్ల నియమం ప్రకారం ముట్టరు కాబట్టి భారతీయ మూలాలున్న ఇళ్లలో రోజుకి పది సార్లు టీ వద్దనాలి, ఫిజీ పల్లెల్లో యంగోనా (కవా మొక్క వేళ్లతో చేసే పానీయం) గిన్నె దగ్గరా అదే ఇబ్బంది. మన పిల్లలకి పెద్దవాళ్లిచ్చింది కాదనడం మొహమాటంగా ఉంటుంది. "నిమ్మాకు మరిగించిన నీళ్లుంటే ఇవ్వండి" అని అడగమనండి. అక్కడ అది ఇంటింటా ఉండేదే, ఇచ్చేవాళ్లూ సంతోషిస్తారు.

జోడీ విషయంలో మీరు తీర్పు చెప్పకండి, మీకు వినపడేది ఒక వైపు మాటే. ఇరవై నాలుగ్గంటలూ ఒకే గదిలో ఉంటే ఎవరికైనా అలారం మోత, గిన్నెలు తోమకపోవడం, పెద్దగా పాడటం కూడా పెద్ద నేరాల్లా తోస్తాయి. ఆరు వారాలకోసారి బదిలీలుంటాయి, ఏ జోడీ శాశ్వతం కాదు. వారానికోసారి ఇద్దరూ కూర్చుని లెక్కలు తేల్చుకునే సమయం వాళ్ల పద్ధతిలోనే ఉంది. అక్కడ "నువ్వు పద్ధతిలేనివాడివి" అంటే పని జరగదు. "రాత్రి గిన్నెలు నేను తోముతా, పొద్దున నువ్వు తోము" అంటే జరుగుతుంది. కానీ కొట్టడం, బెదిరించడం, తిండి దాచెయ్యడం, ఒంటి మీద చెయ్యెయ్యడం ఉంటే బదిలీ దాకా ఆగకూడదు. జిల్లా నాయకుడికి (కొన్ని జోడీల బాగోగులు చూసే మిషనరీకి) చెప్పి ఊరుకోకుండా నేరుగా మిషన్ ప్రెసిడెంట్‌కి, అదే రోజు. వాడు చెప్పలేకపోతే మీరు ఫోన్ చెయ్యండి. "ఇంట్లో చెప్పకూడదని నువ్వు దాస్తున్నది ఏమైనా అక్కడ జరుగుతోందా" అని ఒక్కసారి సూటిగా అడగండి, నాన్న లేనప్పుడు.

ఇప్పుడు నాలుగోది, మనసు. రెండు వారాలకి మించి సరిగ్గా నిద్ర లేకపోవడం, ఇష్టమైన తిండి కూడా సహించకపోవడం, గుండె దడతో ఊపిరాడనట్టు రావడం, చిన్న పొరపాటుకి కూడా "దేవుడు నన్ను క్షమించడు" అని మళ్లీ మళ్లీ పాపాలు ఒప్పుకుంటూ ఉండటం, ఇవి ఇంటిబెంగ కాదు. ఇలాంటివాటికి మిషన్లలో మానసిక ఆరోగ్య సలహాదారుల సాయం ఉంటుంది, మిషన్ ప్రెసిడెంట్ ద్వారా అడగాలి. ఒత్తిడి ఎంతుందో చూసుకోవడానికి సంఘం వాళ్లు పిల్లలకిచ్చే పుస్తకంలో ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు రంగులున్నాయి. "ఈ వారం ఏ రంగు" అని అడగండి. ఏడవకుండా చెప్పడానికి మగపిల్లలకి అది వీలుగా ఉంటుంది. చచ్చిపోవాలనిపిస్తోంది అన్నా, "నేను లేకపోతే అందరికీ నయం" లాంటి మాటన్నా కాల్ కట్ చెయ్యకుండానే మీ ఆయన చేత ఇంకో ఫోన్ నుంచి మిషన్ ప్రెసిడెంట్‌కి చేయించండి, ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలొద్దని చెప్పండి. ఇంటికి తిరిగి రావడమే వైద్యం అయితే టికెట్ వెంటనే.

ఇవన్నీ చూసి, జాగ్రత్తలన్నీ తీసుకున్నాక కూడా వచ్చే బదిలీ నాటికి వాడు అదే మాట మీదుంటే రానివ్వండి. పెద్దవాడు, ఇష్టపడి వెళ్లాడు, ఇష్టపడి రావచ్చు, ఎవరూ ఆపలేరు. మీ ఆయన చాటుగా టికెట్ కొనడం మాత్రం వద్దు, వాడు నాన్న తెచ్చేసిన కొడుకవుతాడు. వాడే మిషన్ ప్రెసిడెంట్‌తో మాట్లాడాలి. ఆయన మీ స్టేక్ (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) ప్రెసిడెంట్‌కి చెబుతారు. ఆరోగ్యం కోసం వస్తే గౌరవంగానే విడుదల చేస్తారు, కోలుకున్నాక అనుమతిస్తే మళ్లీ వెళ్లొచ్చు, లేదా ఇంట్లో ఉంటూ సేవా మిషన్ చెయ్యొచ్చు. మీరు ఇప్పుడే "వచ్చినా మాకిష్టమే, ఉన్నా ఇష్టమే" అని చెప్పండి. తలుపు తెరిచే ఉందని తెలిసినవాడు చాలాసార్లు ఉండిపోతాడు. అలా ఉంటాడన్న ఆశతో మాత్రం ఆ మాట అనకండి, పిల్లలు పసిగడతారు.

సంఘం మాటకొస్తే, ఇండియాలో మొదటి స్టేక్ ఏర్పడింది మీ హైదరాబాద్‌లోనే, 2012లో. అయినా ఒకరికొకరు తెలిసిన చిన్న లోకమే, కబురు సాయంత్రానికల్లా పాకుతుంది. అందుకని వాడు విమానం ఎక్కకముందే ముగ్గురూ ఒక వాక్యం అనుకోండి: "ఒంట్లో బాగోలేక వచ్చాడు, ఇప్పుడు కోలుకుంటున్నాడు." ఇంకెవరు ఏమడిగినా అదే. మొదటి ఆదివారం వేదిక మీద సాక్ష్యం చెప్పమని ఎవరైనా అడిగితే మీరే వద్దనండి. ఎయిర్‌పోర్ట్‌కి పెద్ద గుంపు వెళ్లొద్దు. మీ ఆయన "నేను ముందే చెప్పాను" అనకుండా ఉండటం ఆయన చెయ్యగలిగిన గొప్ప సాయం, ఆ సంగతి ఆయనకి మీ మాటగా కాక నా మాటగా చూపించండి. ఈలోగా కాలేజీకి వెళ్లి మూడో ఏడాదిలో తిరిగి చేర్చుకోవడానికి గడువెంతో, ఏ కాగితాలు కావాలో కనుక్కుని పెట్టుకోండి, వాడు ఉన్నా రేపు అక్కరకొస్తుంది. మీకే రాత్రుళ్లు నిద్ర పట్టకపోతే టెలి మానస్ 14416కి చెయ్యండి, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు.