సీసా మీద అత్తగారి ఫొటోనా, బొమ్మా?

ప్రశ్న: ఇంట్లోనే ఆవకాయ, మాగాయ, గోంగూర పెట్టి అమ్ముతున్నాం. రుచంతా మా అత్తగారి చేతిది. గాజు సీసాలకి కొత్త లేబుల్ వేయించాలి. అత్తగారి ఫొటో, పక్కన పచ్చడి ఫొటో ఉంటేనే జనం నమ్ముతారని మావారు. బొమ్మ గీయిద్దామని మా అబ్బాయి. ఇద్దరి మధ్యా నాకు టెన్షన్. ఏది మేలు?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: సీసా మీద బొమ్మే వేయించండమ్మా. వాట్సాప్‌లో మాత్రం మీవారి మాట నెగ్గనివ్వండి.

గాజు సీసాలోంచి పచ్చడి ఎలాగూ కనిపిస్తుంది. దానిమీద మళ్లీ పచ్చడి ఫొటో ఎందుకు? పేరు, బరువు, తేదీ, ఎమ్మార్పీ, లైసెన్సు నంబరు, శాకాహారం అని చెప్పే పచ్చ చుక్క, వీటికే లేబుల్ సగం పోతుంది. మిగిలిన కాస్త చోటులో గోంగూర ఫొటో అచ్చేస్తే నల్లటి ముద్ద తప్ప ఏమీ కనపడదు. ఆవకాయదీ అదే గతి. ఫోన్‌లో భగభగలాడిన ఎరుపు కాగితం మీదికొచ్చేసరికి ఇటుక రంగుకి దిగిపోతుంది. బొమ్మకైతే రెండు మూడు నిండు రంగులు, నాలుగు గట్టి గీతలు చాలు. చిన్న సైజులోనూ తేటగా పడుతుంది.

అత్తగారి ముఖం వదలొద్దు, ఫొటో చూపించి గీయించండి. ఆవిడ ముక్కుపుడక, కొప్పు, నవ్వితే పడే ముడతలు అన్నీ ఉండాలని గట్టిగా చెప్పండి. ఆర్టిస్టుకే వదిలేస్తే లోకంలో బామ్మలందరికీ పెట్టే గుండ్రటి కళ్లజోడే ఈవిడకీ తగిలిస్తాడు! ఫొటోలోని చీర, జుట్టు పదేళ్లకి పాతబడతాయి. బొమ్మకి ఆ బాధ తక్కువ. 1966లో పుట్టిన అమూల్ పాప ఇప్పటికీ చుక్కల గౌనులోనే ఉంది. ఏషియన్ పెయింట్స్‌కి ఆర్.కె. లక్ష్మణ్ 1954లో గీసిచ్చిన గట్టు గుర్తున్నాడా? బ్రష్షు పట్టుకున్న ఆ అల్లరి పిల్లాణ్ని చూస్తే చాలు, డబ్బా మీద పేరు చదివే పనే ఉండేది కాదు.

ఇక వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్. అక్కడ కొనేవాళ్ల చేతిలో సీసా ఉండదు కాబట్టి ఫొటోయే కావాలి. నెట్‌లోంచి మాత్రం దించకండి. దాని హక్కులు వేరేవాళ్లవి, పైగా అది మీ పచ్చడి కాదు. గోదావరి ఆవకాయ అని పేరు పెట్టిన ఒక ప్రకటన చూశాను. ముక్కలకి టెంక లేదు, పైన సోంపు గింజలు! అది ఉత్తరాది అచార్ అని మన పిల్లలు కూడా పట్టేస్తారు.

ఆవకాయ మూడో రోజు తిరగగలిపి, నూనె పైకి తేలాక ఫొటో మీరే తీయండి. జాడీలో అంతా చీకటి, తెల్లటి పళ్లెంలో వేడన్నం పక్కన వడ్డించండి. టెంక కనపడేలా ఒక ముక్క తిప్పి పెట్టండి. కిటికీ వెలుగు పక్కనుంచి పడాలి. ఫ్లాష్ వేస్తే నూనె మీద తెల్ల మచ్చలొస్తాయి. అత్తగారు ఆవపిండి కలుపుతుంటే చేతుల వరకే ఒక ఫొటో తీయండి. నన్నడిగితే ఆ ఒక్కటే పది పళ్లేల ఫొటోల పెట్టు.

మరో సంగతి. బొమ్మ హక్కులు మీకిచ్చినట్టు ఆర్టిస్టు చేత సంతకంతో కాగితం రాయించుకోండి. అందులో గడువు రాయకపోతే కాపీరైట్ చట్టం ప్రకారం ఐదేళ్లే అని లెక్క. ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. మీ ఆవకాయ రేపు డాలస్ వెళ్లొచ్చు కదా, రెండూ రాయించండి. ఎంత పెద్దది చేసినా గీతలు చెదరని వెక్టర్ ఫైలు కూడా అడిగి తీసుకోండి. లేబుల్‌కీ, షాపు బోర్డుకీ అదే పనికొస్తుంది. జేపీజీ ఒక్కటి పంపించి సరిపెట్టబోతే మిగతా డబ్బు ఇవ్వకండి.