నాన్న నడకా మాటా నెమ్మదించాయి.. వయసేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. హిందూపురం నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో మాతోనే ఉంటున్నారు. శాకాహారి. షుగర్‌కు 12 ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఆరు నెలలుగా నడక బాగా నెమ్మదించింది. ఏదడిగినా కాసేపు ఆలోచించి గానీ చెప్పరు. మొన్న గేటు దగ్గర ఒక చెప్పు జారిపోతే, చూసుకోకుండా లిఫ్ట్ దాకా వచ్చేశారు. ఇదంతా వయసేనా? - ఓ పాఠకురాలు

జవాబు: వయసుతో వేగం తగ్గే మాట నిజమేనమ్మా. కండరాల్లో చురుగ్గా పనిచేసే పోగులు ముందు సన్నబడతాయి. నరాల్లో సంకేతాలూ నెమ్మదిస్తాయి. అయితే మాటల మీద పట్టు, అనుభవంతో వచ్చిన తెలివి అరవై దాటినా చాలామందిలో చెక్కుచెదరవు. నాన్నగారు ఆలస్యంగానైనా సరైన జవాబే చెబుతుంటే, అది మతిమరుపేమో అని టెన్షన్ పడకండి. ఆయన్ని తొందరపెట్టకండి కూడా.

కానీ వయసు తెచ్చే మార్పు ఏళ్ల మీద వస్తుంది. ఆరు నెలల్లోనే ఇంత తేడా అంటే వయసు మీదికి నెట్టేయలేం. చెప్పు జారినా తెలియలేదంటే అరికాలి స్పర్శ తగ్గిందేమో చూడాలి. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా అలా అవుతుంది, బి12 విటమిన్ తగ్గినా అవుతుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గొచ్చు. మాంసం, గుడ్డు తినకపోతే ఆ అవకాశం ఇంకా ఎక్కువ. ఈ లోపం కాళ్లతో పాటు ఆలోచననూ మందగింపజేస్తుంది. అందుకే నా అనుమానం మొదట దాని మీదే. అలాగని మెట్‌ఫార్మిన్ మాత్ర మీరే ఆపేయొద్దు. బి12, థైరాయిడ్, హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) పరీక్షలు చేయించండి. జలుబుకో నిద్రకో మాత్రలు వేసుకుంటుంటే అవీ డాక్టర్‌కు చూపండి. వాటి మత్తు పెద్దవాళ్లను మరుసటి రోజు కూడా వదలకపోవచ్చు.

వరండాలో 4 మీటర్లు కొలిచి, మామూలుగా నడవమనండి. 5 సెకన్లు దాటితే, అంటే వేగం సెకనుకు 0.8 మీటర్ల లోపుంటే నడక మందగించినట్టే. రోడ్డు దాటే సిగ్నళ్లను సాధారణంగా సెకనుకు 1.2 మీటర్ల లెక్కన పెడతారు. అంచేత ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ప్రస్తుతానికి ఒంటరిగా పంపకండి.

నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోయినా, చేతిరాత చిన్నదవుతున్నా న్యూరాలజిస్ట్‌ను కలవాలి. ఉన్నట్టుండి మాట తడబడినా, ఒకవైపు చెయ్యో కాలో పట్టు తప్పినా క్షణం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ముందు ఈ రాత్రే ఆయన అరికాళ్లు, వేళ్ల సందులు లైటు వేసి చూడండి. స్పర్శ తగ్గిన కాలికి పుండు పడినా నొప్పి తెలియదు.