దెయ్యం కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివా. భాష బావుంది, పాత బంగ్లా వర్ణన కూడా బావుంది, కానీ భయం మాత్రం వెయ్యలేదు. మొదటి పేజీలోనే తెల్లచీర, గజ్జెల చప్పుడు, విరబోసుకున్న జుట్టు అన్నీ దించేశాక ఇంక నేను భయపడ్డానికి ఏం మిగిల్చావు చెప్పు. ఎక్కడ తేడా కొట్టిందన్నా అని అడిగావు కదా, నేను క్లాసు పీకే ముందు ఒక సినిమా చూడు, ద హాంటింగ్, 1963లో రాబర్ట్ వైజ్ తీసింది. 1999లో అదే పేరుతో మళ్ళీ తీశారు, అందులో గ్రాఫిక్స్‌తో ఇంటిని ఊపేసి అన్నీ చూపించేశారు, నీ కథ లాగే. అది కాదు.

బ్లాక్ అండ్ వైట్ అని మొహం తిప్పుకోకు. వైజ్‌కి కలర్ తెలియక కాదు, అంతకు రెండేళ్ళ ముందే కలర్‌లో తీసిన వెస్ట్ సైడ్ స్టోరీకి డైరెక్షన్ ఆస్కార్ పంచుకున్నాడు. కాకపోతే ఈయన డైరెక్షన్ మొదలుపెట్టింది 1940ల్లో, ఆర్‌కేఓ స్టూడియోలో వాల్ లూటన్ అనే ప్రొడ్యూసర్ దగ్గర, అక్కడ బడ్జెట్లు తక్కువ, దెయ్యాన్ని చూపించే స్తోమత లేదు, నీడలూ చప్పుళ్ళతోనే పని కానిచ్చేవాళ్ళు. ఆ విద్యే ఇక్కడ బయటికి తీశాడు.

అసలు నువ్వు చూడాల్సింది ఎలెనార్‌ని. జూలీ హారిస్ చేసింది. ఏళ్ళ తరబడి మంచానపడ్డ తల్లికి సేవ చేసి, ఆవిడ పోయాక అక్క ఇంట్లో హాల్లో సోఫా మీద పడుకునే మనిషి, తను కూడా డబ్బులు పెట్టిన కారు అడిగితే ఇవ్వరు, చెప్పకుండా తీసుకుని హిల్ హౌస్ అనే దెయ్యాల కొంపకి వచ్చేస్తుంది. తల్లి చివరి రాత్రి పిలవడానికి గోడ కొట్టింది, ఈమె వెళ్ళలేదు. ఇప్పుడు హిల్ హౌస్‌లో మొదటి రాత్రి చప్పుడు మొదలవుతుంది చూడు, నిద్రమత్తులో ఈమె వస్తున్నానమ్మా అన్నట్టు లేస్తుంది! ఆ చప్పుడు ఇంట్లోంచి వస్తోందా ఈమె లోపల్నించి వస్తోందా అన్నది సినిమా తేల్చదు, అందుకే నాకిప్పటికీ ఆ సీన్ దగ్గర వాల్యూమ్ తగ్గించాలనిపిస్తుంది. వైజ్ సెట్‌లో ముందే రికార్డు చేసిన చప్పుళ్ళు వినిపిస్తూ యాక్ట్ చేయించాడట, ఆ మొహాల్లో అది తెలుస్తుంది. ఇంకోచోట చెక్కతలుపు ఊపిరి పీల్చినట్టు లోపలికి ఉబ్బుతుంది, ట్రిక్ ఏంటంటే వెనకనించి ఒక మనిషి బలంగా నెట్టాడు, అంతే.

ఇంకా చీకట్లో చెయ్యి పట్టుకునే సీన్ ఉంది, అది చెప్పను, చెడగొట్టినవాణ్ణవుతా.

ఆ గదులు వంకరగా ఎందుకున్నాయా అనిపిస్తుంది నీకు. కెమెరా లెన్సులు చేసే పానావిజన్ కంపెనీ వాళ్ళు ఇంకా తయారుచేస్తున్న 30 ఎంఎం వైడ్ లెన్స్ ఒకటి వైజ్ అడిగి తెచ్చుకున్నాడు, అంచుల్లో బొమ్మ వంగిపోతుందని వాళ్ళు చెప్తే, తెలిసే వాడుతున్నానని సంతకం పెట్టిచ్చాడు. ఆ వంకరే ఆయనకి కావాల్సింది మరి.

అన్నీ గొప్పేం కాదులే, ఎలెనార్ మనసులో మాటలు వాయిస్‌ఓవర్‌లో ఒక్కోచోట మరీ ఎక్కువైపోయాయి, మొహంలో కనిపిస్తున్నదాన్నే మళ్ళీ చెప్తుంది, ఆ అలవాటు నీకూ ఉంది, అది మాత్రం ఇక్కణ్ణుంచి తెచ్చుకోకు.

ఇక నీ కథకొస్తే, గజ్జెలు ఉంచాలనుకుంటే ఉంచు, కానీ ఆ చప్పుడుకీ నీ కథలోని కోడలు పిల్లకీ సంబంధం ఏంటి? చిన్నప్పుడు డాన్స్ మానిపించారా, చెల్లెలివా, ఎవరివి అవి? ఆ బంగ్లాకి ఆమే ఎందుకొచ్చింది, వెనక్కెళ్ళడానికి పుట్టిల్లు ఉందా? ఇవి నాకు చెప్పక్కర్లేదు, నీకు తెలిస్తే చాలు. తెల్లచీర కొట్టేసి రెండో డ్రాఫ్ట్ పంపు, వచ్చే వారం ఖాళీగానే ఉంటా.

మీ అన్న