సర్వేలో మంచి మార్కులు, అయినా ఆగని రాజీనామాలు

మాదాపూర్‌లోని మీ 200 మంది కంపెనీలో ఉద్యోగుల అభిప్రాయ సర్వేకు 5కు 4 పైగా మార్కులు వస్తున్నా రాజీనామాలు ఆగకపోవడానికి కారణం, బహుశా, ఆఫీసు మెయిల్ లాగిన్‌తో నింపే ఫారాన్ని ఉద్యోగులు నమ్మకపోవడమే.

1. గూగుల్ ఫామ్స్‌లో ఈమెయిల్ సేకరణను ఆపండి. ఒక్కరికి ఒక్క జవాబే అన్న పరిమితి కూడా లాగిన్ అడుగుతుంది కనుక దాన్నీ తీసేయండి.

2. ఎవరు ఏం రాశారో ఊహించే వీలు లేకుండా, ఐదుగురి కంటే తక్కువ మంది జవాబిచ్చిన టీమ్ ఫలితాన్ని మేనేజర్‌కు విడిగా చూపకండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: ఫలితాలు వచ్చిన రెండు మూడు వారాల్లోగా ఏం విన్నారో, అందులో దేన్ని మారుస్తున్నారో, దేన్ని ఎందుకు మార్చలేరో సిబ్బంది అందరి ముందు చెప్పాలి. క్యాబ్ వేళల వంటి ఒక్క ఫిర్యాదైనా నిజంగా తీరాలి (పిజ్జా పార్టీ దీనికి బదులు కాదు). తర్వాతి సర్వేలో మార్కులు తగ్గితే కంగారుపడకండి. ఉద్యోగులు నిజం రాయడం మొదలుపెట్టి ఉండవచ్చు.