“మీరు నా మాట వినరు” అంటోంది మా ఆవిడ. ఆమెకు ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. పెళ్లయి 17 ఏళ్లు. ఒక్కతే అమ్మాయి, 15 ఏళ్లు. మా ఆవిడ, నేను ఇద్దరం ఉద్యోగం చేస్తాం. రెండేళ్ల నుంచి ఆమె జీతం నాకన్నా ఎక్కువ. మొన్నామధ్య ఆఫీసులో ఆమెకు రావలసిన ప్రమోషన్ జూనియర్‌కు ఇచ్చారట, వచ్చి చెప్పింది. “ఆ మేనేజర్‌తో గట్టిగా ఉండమని ముందే చెప్పాను కదా” అన్నాను. ఆమె ఫోన్ తీసుకుని మేనేజర్‌కు పంపడానికి నేనే మెయిల్ టైప్ చేస్తున్నాను. “అది కాదండీ, నేను...” అని ఏదో అనబోయింది, నేను సగంలో ఉన్నాను కాబట్టి ఆగమన్నాను. ఫోన్ లాక్కుని, మెయిల్ డిలీట్ చేసి, “మీరు నా మాట వినరు” అని గదిలోకి వెళ్లిపోయింది. సహాయం చేస్తే ఇదా ఫలితం? కోపం తెప్పించింది, నేనూ అరిచాను. నెల నుంచి ముక్తసరిగా మాట్లాడుతోంది. అమ్మాయి కూడా నన్ను చూస్తే ఫోన్‌లో తల దూరుస్తుంది. ఇల్లు మారదామంటే మారాను, ఉద్యోగం చేస్తానంటే చేయమన్నాను, ఏ మాట కాదన్నాను? జీతం పెరిగాక నేనంటే లెక్కలేదు. ఆమెకు ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?

జవాబు:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ బాధే కనిపించింది. నెల రోజులు ఒకే ఇంట్లో ముక్తసరి మాటలతో బతకడం ఎంత బరువో నాకు తెలుసు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. రెండోసారి ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యలో గీత గీసి చదివాను. గీతకు ఎడమ వైపు మీ ఆవిడ నిజంగా అన్న మాటలు, చేసిన పనులు. కుడి వైపు ఆమె మనసులో ఉన్నాయని మీరు అనుకున్నవి. ఎడమ వైపు ఆరు లైన్లు దాటలేదు. ప్రమోషన్ రాలేదని చెప్పింది, ఏదో అనబోయింది, ఫోన్ లాక్కుంది, మెయిల్ తీసేసింది, “మీరు నా మాట వినరు” అంది, మాటలు తగ్గించింది. అంతే. ఇక్కడ మీ ఉత్తరాన్ని కుదించి వేశాను గానీ, అసలు ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మిగతాదంతా కుడి వైపే చేరింది. లెక్కలేదు, జీతం పెరిగిందని పొగరు, సహాయం విలువ తెలియదు, అమ్మాయికి నా మీద లేనిపోనివి ఎక్కిస్తోంది, ఇంకా చాలా.

ఈ కుడి వైపు ఉన్నవాటిలో ఒక్కటైనా ఆమె నోటితో అన్నదా? మీరు ఒక్కసారైనా అడిగారా? ఉత్తరమంతా వెతికాను, ఎక్కడా కనిపించలేదు.

“వినడం” అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మీ ఇద్దరి మధ్య చిక్కుముడి అక్కడే పడిందని నా అభిప్రాయం. మన భాషలో వినడానికి రెండు అర్థాలున్నాయి. పిల్లాడు మాట వినడం లేదంటే చెప్పినట్టు చేయడం లేదని. పాట విన్నానంటే చెవి పెట్టి మనసు పెట్టి ఆలకించానని. మీ ఆవిడ “మీరు నా మాట వినరు” అంటే మీరు వెంటనే మొదటి అర్థం పట్టుకున్నారు. ఇల్లు మారాను, ఉద్యోగం చేయమన్నాను, ఏ మాట కాదన్నాను అని లెక్క చెబుతున్నారు. ఆ లెక్క నిజమే కావచ్చు, నేను నమ్ముతాను. కానీ ఆమె ఫిర్యాదు రెండో అర్థంలోదై ఉండవచ్చు. 17 ఏళ్లలో ఆమె అడిగినవన్నీ చేసిన మనిషి కూడా ఆమె చెప్పేది ఒక్కసారి కూడా చివరిదాకా విననివాడై ఉండటానికి వీలుంది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు. మీరు ఒక నేరానికి సంజాయిషీ ఇస్తున్నారు, ఆమె మోపింది ఇంకొకటి. అందుకే మీరెంత గట్టిగా చెప్పినా ఆమెకు సమాధానం దొరకదు, ఆమె ఎంత చెప్పినా మీకు అన్యాయంగానే అనిపిస్తుంది.

వింటే ఒప్పుకున్నట్టే అవుతుందనే భయం కూడా ఇక్కడి నుంచే వస్తుంది. నా దగ్గరికి వచ్చే భర్తల్లోనూ, భార్యల్లోనూ, అత్తల్లోనూ, కొడుకుల్లోనూ ఈ భయం చూస్తుంటాను. చివరిదాకా విన్నంత మాత్రాన ఆమె చెప్పింది నిజమని మీరు సంతకం పెట్టినట్టు కాదు. విని, అర్థం చేసుకుని, ఆ తర్వాత “నాకు అలా అనిపించడం లేదు” అనే హక్కు మీకు ఎప్పుడూ ఉంటుంది.

ఇప్పుడు ఆ సాయంత్రానికి వద్దాం. ఆమె ఎక్కడ కష్టపడిందో, ఎన్నాళ్లు కష్టపడిందో ఆ ప్రమోషన్ అక్కడ చేజారింది. ఇంటికొచ్చి మీకు చెప్పింది. మీరు అన్న మొదటి మాట “ముందే చెప్పాను కదా”. మీ ఉద్దేశం ఆమె పక్షాన నిలబడటమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ మాట ఆమె చెవికి ఎలా చేరి ఉంటుంది? తప్పు నీదే, నా మాట వినుంటే ఈ గతి పట్టేది కాదు అన్నట్టు చేరి ఉంటుంది. ఆ తర్వాత ఆమె ఫోన్ మీ చేతిలోకి వెళ్లింది, ఆమె మేనేజర్‌కు ఆమె పేరుతో మెయిల్ మీ వేళ్లతో తయారవుతోంది. ఆమెకు వచ్చిన కష్టం ఐదు నిమిషాల్లో మీ పని అయిపోయింది. నేను ఊహిస్తున్నానని మీరు అనవచ్చు, నిజమే, నేనూ ఊహిస్తున్నాను. నా ఊహ మీ ఊహకన్నా గొప్పదేమీ కాదు. మనిద్దరిలో ఎవరిది సరైనదో తేల్చగలిగింది ఒక్క మనిషే, ఆ మనిషి పక్క గదిలో ఉంది.

1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే విద్యార్థిని తన పీహెచ్‌డీ కోసం ఒక ప్రయోగం చేసింది. కొందరికి అందరికీ తెలిసిన పాటలు ఇచ్చి, పాడకుండా బల్ల మీద వేలితో లయ మాత్రం కొట్టమంది. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఆ పాటేమిటో చెప్పాలి. సగం పాటలైనా పట్టేస్తారని కొట్టినవాళ్ల అంచనా. 120 పాటల్లో ఎదుటివాళ్లు గుర్తుపట్టింది 3. కొట్టేవాళ్ల తలలో రాగం మొత్తం మోగుతోంది కాబట్టి ఇంత తేలికైనది ఎలా తెలియడం లేదని వాళ్లకు ఆశ్చర్యం. వినేవాళ్లకు మాత్రం ఉత్త టకటకలే. మీరు మెయిల్ టైప్ చేస్తున్నప్పుడు మీ తలలో “నువ్వంటే నాకు ప్రేమ, నీకు అన్యాయం జరిగితే ఊరుకోను” అనే పాట మోగుతోంది. ఆమెకు వినిపించింది బల్ల మీద చప్పుడు. అవతల ఆమె గదిలోకి వెళ్లిపోవడం కూడా అలాంటి చప్పుడే. దాని వెనక పాట మీకు తెలియదు, అందుకని మీ భయానికి సరిపోయే పాటను మీరే కట్టుకున్నారు.

ఆ భయం గురించి కూడా అడగాలి. జీతం మాట మీ ఉత్తరంలో తొమ్మిది చోట్ల ఉంది. ఆమె అన్నట్టుగా ఒక్క చోట కూడా లేదు. జీతం పెరిగాక మీరంటే లెక్కలేదనుకుంటున్నది ఆమేనా, లేక జీతం తగ్గినవాడిని లెక్కచేయరేమోనని మీ లోపల ఎవరో అంటున్నారా? దీనికి జవాబు నాకు పంపనక్కర్లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు నిజాయితీగా చూసుకోండి. అది మీ భయమే అయితే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, చాలామంది మగవాళ్లు నా ఎదుట కూర్చుని కళ్లనీళ్లతో చెప్పిన విషయమే అది. అయితే అది మీ భయమని తెలిశాక దాన్ని ఆమె పొగరు అని పిలవడం మాత్రం ఆపాలి.

ఇంకో మాట. “కోపం తెప్పించింది, నేనూ అరిచాను” అని రాశారు. ఈ వాక్యాన్ని మెల్లగా మార్చి రాసి చూడండి. తను కోపం తెప్పించింది. నాకు కోపం వచ్చింది. నేను కోప్పడ్డాను. నేను అరిచాను. జరిగిన సంగతి ఒకటే, కానీ మొదటి వాక్యంలో మీరు లేరు, అంతా ఆమే చేసింది. చివరి వాక్యంలో మీరొక్కరే ఉన్నారు. ఆమె చేసిన పని మీకు నొప్పి కలిగించి ఉండవచ్చు, ఆ నొప్పి నిజం. అరుపు మాత్రం మీ గొంతులోంచి వచ్చింది. దాన్ని ఒప్పుకోవడమంటే మొత్తం తప్పు నెత్తిన వేసుకోవడం కాదు. నెల రోజులుగా ముక్తసరిగా మాట్లాడటం ఆమె చేస్తున్న పని, దానికి బాధ్యత ఆమెది, ఆమె నాకు ఉత్తరం రాస్తే ఆమెకూ ఇదే చెబుతాను. కానీ రాసింది మీరు. మీ చేతిలో ఉన్నది మీ భాగమే, ఎంత చిన్నదైనా మార్చగలిగింది కూడా అదొక్కటే.

ఇది చెప్పినంత తేలిక కాదని నాకు అనుభవమే. మా చెల్లెలు ఫోన్ చేసి కష్టం చెప్పుకుంటుంటే నేను మధ్యలోనే దారులు చూపించేదాన్ని, అదే నా వృత్తి కదా. ఒకరోజు “అక్కా, ఇవాళ కౌన్సెలర్‌గా వద్దు, అక్కగా విను” అంది. నాకు చాలా గట్టిగా తగిలింది. ఆరోజు నోరు మూసుకుని 40 నిమిషాలు విన్నాను. సలహా ఒక్కటీ ఇవ్వలేదు. ఏం చేయాలో చివర్లో తనే చెప్పింది, నేను చెబుదామనుకున్నదానికన్నా ఎంతో మంచి దారి అది.

వినడం ఎలాగో నేర్పే పద్ధతుల్లో నేను ఎక్కువగా నమ్మేది సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ 1951లో ఒక ప్రసంగంలో చెప్పినది. వాదన జరుగుతున్నప్పుడు మీ మాట చెప్పేముందు, ఎదుటి మనిషి అప్పటిదాకా అన్నదాన్ని, ఆ మాటల వెనక మనసుతో సహా, మీ మాటల్లో తిరిగి చెప్పాలి. ఆ మనిషి “అవును, నేనన్నది అదే” అన్నాకే మీ వంతు. వినడానికి చిన్న నియమమే గానీ పాటించి చూడండి, పది నిమిషాలు నిలబడటం కష్టం. ఎందుకు కష్టమో కూడా ఆయనే చెప్పాడు. ఎదుటివాళ్లను నిజంగా అర్థం చేసుకుంటే మనమే మారిపోయే ప్రమాదం ఉంటుంది, అందుకు ధైర్యం కావాలి. అయితే చిలక పలుకుల్లా ఆమె మాటలే తిరిగి అప్పజెప్పకండి, వెటకారం చేస్తున్నారనుకుంటుంది. “అంటే, ప్రమోషన్ పోయినదానికన్నా నీతో ఎవరూ ఒక్క మాట కూడా చెప్పకపోవడం ఎక్కువ బాధగా ఉందా?” ఇలా, అడుగుతున్నట్టు. తప్పయితే ఆమె సరిచేస్తుంది. సరిచేయనివ్వండి, ఆమె నోటి నుంచి అసలు సంగతి బయటికొచ్చేది అప్పుడే.

మధ్యలో మీకు మళ్లీ టెన్షన్ పెరిగి గుండె దడదడలాడితే అప్పుడు వినాలని పట్టుబట్టకండి. దంపతుల మీద దశాబ్దాలు పరిశోధించిన జాన్ గాట్‌మన్ చెప్పేదేమిటంటే, గొడవలో గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకోవడం మొదలైతే ఎదుటివాళ్ల మాట బుర్రకెక్కదు, ఒళ్లు నెమ్మదించడానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది. కాబట్టి “నాకు కాస్త టైమ్ ఇవ్వు, అరగంటలో వస్తాను” అని చెప్పి లేవండి. చెప్పి లేవడం వేరు, విసురుగా లేచిపోవడం వేరు. అన్న సమయానికి తిరిగి రావడం మర్చిపోవద్దు, ఆ అరగంటా ఆమెకు ఏం జవాబివ్వాలా అని లోపల సాధన చేస్తూ కూర్చోవద్దు.

అమ్మాయి సంగతి ప్రస్తుతానికి కదిలించకండి. తల్లి ఎక్కిస్తోందనే మాట మీ కాగితంలో కుడి వైపుది, రుజువు లేదు. 15 ఏళ్ల పిల్ల ఇంట్లో అరుపులు విన్నాక తల వంచుకుని పోవడానికి ఎవరూ ఏమీ ఎక్కించనక్కర్లేదు. ఆ రోజు అరిచినందుకు మాత్రం ఒక్క మాట చెప్పండి. “మొన్న నేను అరిచాను, నువ్వు భయపడి ఉంటావు, అది నా తప్పు.” అంతటితో ఆపండి, “కానీ మీ అమ్మ...” అని మొదలుపెడితే చెప్పినదంతా కొట్టుకుపోతుంది.

మీరు నన్ను అడిగింది ఆమెకు ఎలా అర్థమయ్యేలా చెప్పాలని. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉన్నా ఇప్పుడు ఇవ్వను. మీ ఉత్తరంలో నన్ను వదలకుండా పట్టుకున్నది “అది కాదండీ, నేను...” అన్న ముక్క. ఆ “నేను” తర్వాత ఏముందో మీకు తెలియదు. నెల రోజులు గడిచినా తెలియదు. మెయిల్ పెట్టడం ఇష్టం లేదని అనబోయిందా, ఉద్యోగమే మానేద్దామనుకుంటున్నానని అనబోయిందా, అలసిపోయానని అనబోయిందా? దాన్ని అడగండి. తీరిగ్గా ఉన్నప్పుడు, చేతిలో ఫోన్ లేకుండా, “ఆ రోజు నువ్వు ఏదో చెప్పబోయావు, నేను ఆపేశాను. అది నా పొరపాటు. ఏమనబోయావో వినాలని ఉంది” అనండి. “ఇప్పుడెందుకులెండి” అంటుందేమో. అంటే బతిమాలకండి, అలగకండి. “సరే, నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు” అని వదిలేయండి, నాలుగు రోజులాగి ఇంకోసారి అడగండి. చెప్పడం మొదలుపెడితే పరిష్కారాలు మీ నోటి చివరిదాకా వస్తాయి, మింగేయండి. ఆమె ఆగినప్పుడు “ఇంకా?” అని మాత్రం అడగండి.

ఆ తర్వాత నాకు మళ్లీ రాయండి. ఈసారి ముందుగా ఆమె ఏమందో, ఆమె మాటల్లోనే, ఒక్క అక్షరం మార్చకుండా. మీకేమనిపించిందో దాని కింద రాయండి.